అతుకు కనపడకూడదన్నారు: మూడు సీస్మిక్ సర్వేలను ఒకటి చేసిన నా అనుభవం

2024 ఫిబ్రవరి 12న పని మొదలుపెట్టాం. 2025 మార్చి 21న చివరి హార్డ్ డిస్కుకి సీలు వేసి పంపించాం. ప్లానులో రాసుకున్నది ఐదు నెలలు, పట్టింది పదమూడు నెలల పైన. ఇలాంటి పని మొదటిసారి నెత్తిన పడ్డవాళ్ళకి ఏ వారం దేనికి పోతుందో ముందే తెలిస్తే మేలని రాస్తున్నాను. క్లయింటు పేరు, బ్లాకు పేరు, బావుల నంబర్లు రాయను, రాసే హక్కు నాకు లేదు. కోనసీమ అని మాత్రం చెప్పగలను. అది కూడా దాచేస్తే ఇక చెప్పడానికేమీ మిగలదు.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రాసెసింగ్ సంస్థలో జియోఫిజిసిస్టుని. మా సొంతూరు రాజోలు దగ్గర. ఆ సంగతి మేనేజర్‌కి తెలుసు, అందుకే ఫైలు నా టేబుల్ మీద పెట్టి "మీ ఊరి పనేనమ్మా, చూసుకో" అన్నారు. అదేదో మా ఇంటి పెళ్ళి పనన్నట్టు.

నేలలో చిన్న పేలుడు చేసి, కింది పొరల నుంచి తిరిగొచ్చే అలల్ని రికార్డు చేసి, ఆ పొరల బొమ్మ గీయడమే సీస్మిక్ సర్వే. చమురు, గ్యాసు బావి ఎక్కడ తవ్వాలో ఆ బొమ్మ చూసే చెబుతారు. చేతికి వచ్చినవి అలాంటి మూడు త్రీడీ సర్వేలు. మొదటిది 1997-98లో డైనమైట్‌తో చేసింది. రెండోది 2006లో చేసింది, అదీ డైనమైటే. మూడోది 2012-13లో సముద్రం వైపు చేసింది. గట్టు మీద డైనమైట్, అలల్ని పట్టే జియోఫోన్లు, కాలవల్లోనూ మొగ దగ్గరా గాలి ఒత్తిడితో దెబ్బ కొట్టే ఎయిర్‌గన్, నీళ్ళలో అలల్ని పట్టే హైడ్రోఫోన్లు. మూడూ అంచుల దగ్గర ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. ఆ ఎక్కిన చోట ఒకే నేలకి రెండు బొమ్మలున్నాయి, రెండూ కలవడం లేదు. క్లయింటు ఇంటర్‌ప్రెటర్ (ఈ బొమ్మలు చూసి కింద ఏముందో చెప్పేవాడు) మొదటి మీటింగులోనే స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు: ఒక ఫాల్ట్ (పొరలు విరిగి జరిగిన చోటు) మొదటి సర్వేలో ఇక్కడుంది, రెండో సర్వేలో మూడు వందల మీటర్లు పక్కకుంది. "ఉన్నది ఒక ఫాల్టా, రెండు ఫాల్టులా? అది తేలితే గానీ బావి ఎక్కడ తవ్వాలో చెప్పలేను" అన్నాడు. ఆయన పైఆఫీసరు ఇంకో మాట కలిపాడు: "ఒకే డేటా కావాలి. అతుకు కనపడకూడదు."

ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత చాలాసార్లు దాన్ని కొట్టేయాలనిపించింది.

విడివిడిగా తయారైన బొమ్మల్ని చివర్లో అంటించేస్తే పని రెండు నెలల్లో అయిపోయేది. కానీ మైగ్రేషన్ (అల ఎక్కడి నుంచి తిరిగొచ్చిందో లెక్కకట్టి పొరల్ని అసలు చోట పెట్టడం) అయ్యాక అంటిస్తే ప్రతి సర్వే అంచునా చిరునవ్వుల్లాంటి వంపులు మిగులుతాయి, ఎందుకంటే అంచు అవతలి డేటా ఆ లెక్కలోకి రాలేదు. అందుకని ముడి షాట్ రికార్డుల (ఒక్కో పేలుడుకి వచ్చిన రికార్డుల) నుంచే మొదలుపెట్టి, మూడింటినీ కలిపాకే మైగ్రేట్ చేద్దామని నేనే పట్టుబట్టాను. తర్వాత పడ్డ తిప్పలకి బాధ్యత ఎవరిదని అడిగితే నాదే.

మొదటి ఎనిమిది వారాలు టేపుల కోసం పోయాయి. 1997-98 సర్వే 3480 క్యాట్రిడ్జిల మీద ఉంది. ఒక్కోదాంట్లో పట్టేది 200 మెగాబైట్లు, అంటే ఇప్పటి ఫోన్‌లో ఒక పెళ్ళి వీడియో కూడా పట్టదు. అలాంటివి 268 వచ్చాయి, మూడు రేకు పెట్టెల్లో. మూత తీస్తే పాత గోదాము వాసన. వాటిని చదివే డ్రైవు మా దగ్గర లేదు, టేపులు కాపీ చేసిచ్చే వాళ్ళని పట్టుకోవాల్సి వచ్చింది. క్యాట్రిడ్జికి 1,400 రూపాయల లెక్కన మూడు లక్షల 75 వేలు అయింది. బడ్జెట్‌లో ఆ పద్దే లేదు. ఉగాది నాటికి 265 చదవగలిగారు, మూడింటికి బూజు పట్టి టేపు లోపలే అంటుకుపోయింది. ఆ మూడింట్లో ఏ షాట్లున్నాయో తెలుసుకోవడానికి ఫీల్డ్‌లో రికార్డింగ్ చూసుకునే అబ్జర్వర్ రాసిన రిపోర్టులు తిరగేశాను. చేత్తో రాసిన కాగితాలు. మార్జిన్లో "పంపుసెట్ శబ్దం", "గాలి ఎక్కువ", "గేదెలు కేబుల్ తొక్కాయి" అని నోట్లు. మూడో సర్వేకి వచ్చేసరికి గేదెల స్థానంలో రొయ్యల చెరువుల ఏరేటర్లు వచ్చాయి. పదిహేనేళ్ళలో కోనసీమ ఎంత మారిందో ఆ మార్జిన్లు చూస్తే చాలు.

డేటా కంప్యూటర్లోకి ఎక్కాక మొదట చేసేది హెడర్లు, అంటే డేటా ముందు దాని వివరాలుండే భాగాలు, చదవడం. సీస్మిక్ డేటా దాచే సెగ్-వై ఫైలు మొదట్లో 3,200 బైట్ల మాటల హెడర్ ఉంటుంది: 40 వరుసలు, వరుసకి 80 అక్షరాలు. ఫీల్డ్‌లో ఏం చేశారో దాంట్లో రాయాలి. ఒక ఫైల్లో 40 వరుసల్లో 31 ఖాళీ. ఆ తర్వాత ప్రతి ట్రేస్‌కీ (ఒక షాట్‌కి ఒక చోట రికార్డైన అల) 240 బైట్ల హెడర్ ఉంటుంది, ఆ ట్రేస్ ఎక్కడిదో అందులో అంకెల్లో ఉంటుంది. రెండో సర్వేలో కోఆర్డినేట్లని పదితో భాగించాలని చెప్పే అంకె వేయడం మర్చిపోయారు. ఉన్నవి ఉన్నట్టు మ్యాపు మీద పెడితే కోనసీమ ఉత్తర ధ్రువం దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది. అందరం నవ్వుకున్నాం, రెండు గంటల్లో సరిచేశాం. ఇంత పెద్ద తప్పులతో భయం లేదు, అవే వచ్చి కనపడతాయి. మూడు వందల మీటర్ల తప్పుంటుందే, అది నోరు విప్పదు.

మే నెలలో మొదటి సర్వే షాట్ పాయింట్లని ఉపగ్రహ చిత్రం మీద పరిచాను. ఒక చుక్క, ఒక షాట్. చుక్కలన్నీ వరుసల్లో చక్కగా వచ్చాయి, మధ్యలో నది వెడల్పున చుక్కలు లేని పట్టీ కూడా వచ్చింది. అంతా బాగుందనుకుని జూమ్ చేశాను. చుక్కలు లేని పట్టీలో కొంత భాగం కొబ్బరి తోటల మీద పడింది. అటు చూస్తే గోదావరి పాయ వైనతేయ నీళ్ళలో నలభై దాకా చుక్కలు తేలుతున్నాయి. బోరు వేసి అడుగున డైనమైట్ పెట్టి పేల్చే సర్వేలో నది మధ్య షాట్ పాయింటెలా వస్తుంది?

మా టీమ్‌లో ఒకతను నది ఒడ్డు కోసుకుపోయి ఉంటుందన్నాడు. గోదావరి పాయల పక్కన పుట్టినదాన్ని, అది అబద్ధమని అనలేను. లంకలు కోసుకుపోవడం నా కళ్ళతో చూశాను. అదే నిజమేమోనని పాత టోపో షీట్లు, పాత ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టుకుని రెండు వారాలు కూర్చున్నాం. ఒడ్డు కొన్నిచోట్ల కోసుకుపోయిన మాట నిజమే, కానీ ఇంతలా కాదు. పైగా ఊళ్ళ దగ్గర వదిలిన ఖాళీలు కూడా ఊళ్ళ మీద పడకుండా, ఒక్కో ఊరికీ ఆగ్నేయ మూలగా పొలాల్లో పడుతున్నాయి. నది జరిగిందనుకుందాం, ఊళ్ళన్నీ కలిసి అటే ఎలా జరుగుతాయి?

ఆ ఆదివారం నాన్నకి ఫోన్ చేశాను. మా ఊళ్ళో ఏ కంపెనీ వాళ్ళు వచ్చినా "ఓఎన్జీసీ వాళ్ళే". అప్పట్లో వైర్లు ఎటు వేశారో గుర్తుందా అని అడిగాను.

"ఎందుకు గుర్తుండదమ్మా. లాకుల దగ్గర మొదలుపెట్టి రామాలయం వెనకాల నుంచి మన సందు మొగదాకా లాగారు. సైకిళ్ళు తగిలి వైరు తెగుతోందని ఒక కుర్రాణ్ణి కాపలా కూడా పెట్టారు కదా."

మ్యాపు చూశాను. నా దగ్గరున్న లైను రామాలయం దరిదాపుల్లో లేదు. గుడికి దాదాపు మూడు వందల మీటర్ల అవతల వరిచేలో పోతోంది.

మూడు వందలు. ఫాల్టు జరిగిందన్న దూరం కూడా అంతే.

తప్పేమిటో ఇప్పుడు చెబితే చిన్నగానే ఉంటుంది. మన దేశంలో పాత సర్వేలు ఎవరెస్ట్ 1830 అనే భూగోళపు కొలత మీద నడిచాయి, జీపీఎస్ వచ్చాక అందరం డబ్ల్యూజీఎస్ 84కి మారాం. రెండింటి లెక్కలో ఒకే స్తంభానికి వేరువేరు అంకెలొస్తాయి, మార్చకుండా వాడితే మా ప్రాంతంలో వందల మీటర్ల తేడా పడుతుంది. మొదటి సర్వే అంకెలు ఎవరెస్ట్‌వి. మధ్యలో ఎవరో ఆ డేటాని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించినప్పుడు అంకెలు ముట్టుకోకుండా హెడర్లో డబ్ల్యూజీఎస్ 84 అని టైపు చేశారు. స్కాన్ చేసిన ఫీల్డ్ రిపోర్టు చివర్లో, అనుబంధంలో, ఒకే ఒక్క వరుసలో ఎవరెస్ట్ అని ఉంది. 140 పేజీల రిపోర్టులో 133వ పేజీ అది. నేను 90వ పేజీ దగ్గర ఆపేశాను మొదట్లో.

మార్పిడి చేసి మళ్ళీ పరిచాను. చుక్కల్లేని పట్టీ కదిలి సరిగ్గా నది మీద వాలింది. లైను రామాలయం వెనకాలకి వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఒక్కదాన్నే లేచి చప్పట్లు కొట్టాను. సెక్యూరిటీ అతను తలుపు తీసి చూసి వెళ్ళిపోయాడు.

దాంతో ఇక రెండు నెలల్లో ముగుస్తుందనుకున్నాం. జులైలో మొదటి సర్వేని రెండో సర్వే పక్కన పెట్టి స్టాక్ చేసి, అంటే ఒకే చోటికి చెందిన ట్రేస్‌లన్నీ కలిపి, చూస్తే, మొదటి సర్వే మధ్యలోనే ఒక పట్టీ చచ్చిపోయింది. అటు బాగుంది, ఇటు బాగుంది, మధ్యలో రిఫ్లెక్షన్లు వెలిసిపోయిన చీర అంచులా ఉన్నాయి. నేనూ, టీమ్‌లో కుర్రాడూ వారం రోజులు నాయిస్ అనుకుని ఫిల్టర్లు మార్చాం. చివరికి ముడి షాట్లు ఒక్కొక్కటీ తెరిచి మొదటి అలని చూస్తే తెలిసింది: 22వ స్వాత్ (సర్వేని పట్టీలుగా చేస్తారు, ఒక్కో పట్టీ ఒక స్వాత్) దాకా మొదటి అల కిందికి దిగుతోంది, 23 నుంచి పైకి లేస్తోంది. ఒకటి కొండ చూపిస్తే రెండోది గుంట చూపిస్తోంది. రెండూ కలిసే పట్టీలో ఒకే బిన్‌లో (మ్యాపు మీది గడిలో) పడి ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి.

తిరగేయడం సులువే, మైనస్ వన్‌తో గుణిస్తే చాలు. కానీ ఏ సగాన్ని తిరగేయాలి? నేల ఎటు కదిలితే ట్రేస్‌ని ఎటు రాయాలన్నదే పొలారిటీ, హెడర్లో రెండింటికీ "పొలారిటీ నార్మల్" అనే ఉంది. ఆ మాటని నేనిప్పుడు నమ్మను. సెగ్ (జియోఫిజిసిస్టుల సంఘం) పద్ధతిలో రికార్డు చేశారా, తిప్పి రాశారా అన్నది ఆ రోజు రికార్డింగ్ ట్రక్కులో కూర్చున్నవాళ్ళకే తెలియాలి.

ఆ ట్రక్కులో కూర్చున్న ఒకాయన రాజమండ్రిలో ఉన్నారని ఒకరి ద్వారా ఇంకొకరి ద్వారా తెలిసింది. ఎనభైకి దగ్గరున్నారు, ఫోన్లో సరిగ్గా వినపడదు. వెళ్ళాల్సిందే. ఆగస్టు 31 రాత్రి సికింద్రాబాద్‌లో రైలెక్కాను. ఆ రాత్రి వాన గుర్తుందా మీకు? మా రైలు వరంగల్ దాటాక ఆగింది. తెల్లారాక తెలిసింది, కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిందని. బోగీలో పిల్లల ఏడుపులు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు, నా దగ్గర రెండు అరటిపళ్ళు, ఒక లాప్‌టాప్. సాయంత్రానికి బస్సు పట్టుకుని వెనక్కి వచ్చేశాను. విజయవాడలో బుడమేరు నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చిన రోజులవి, ఎవరి దగ్గరా పొలారిటీ గురించి మాట్లాడే ముఖం లేదు. మళ్ళీ బయల్దేరింది సెప్టెంబరు 21న.

ఆయన వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు. నేను లాప్‌టాప్ తీసేలోపే లోపలికి వెళ్ళి అట్టపెట్టె తెచ్చారు. అందులో పదకొండు డైరీలు. "నేను రాసినవన్నీ ఉన్నాయి. కంపెనీ వాళ్ళు ఎప్పుడూ అడగలేదు" అన్నారు. అడగనందుకు కోపం లేదు ఆ గొంతులో, అడిగినందుకు సంబరం ఉంది.

"రెండో సీజన్‌లో ట్రక్కు మారిందండీ?" అని గట్టిగా అడిగాను.

"మారింది అమ్మాయ్. పాతది రిపేరుకి పోయింది. కొత్తదాని కేబుల్ పిన్నులు తేడా."

1998 డైరీ తీసి పేజీలు తిప్పారు. జనవరి 19. పెన్సిల్‌తో రెండు వరుసలు: "ట్యాప్ టెస్ట్ ఉల్టా. రేపు చూడాలి." ట్యాప్ టెస్ట్ అంటే జియోఫోన్‌ని చేత్తో తట్టి, ట్రేస్ ఎటు కదిలిందో చూడటం. రేపటి పేజీ తిప్పాను. "వాన. పని లేదు." ఎల్లుండి: "మొగల్తూరు వైపు క్యాంపు మార్పు." ఆ తర్వాత ట్యాప్ టెస్ట్ అన్న మాటే డైరీలో లేదు. ఇరవయ్యారేళ్ళుగా ఆ "రేపు" అలాగే ఉండిపోయింది.

ఆయనకి చెబితే ముందు నవ్వారు, తర్వాత కాసేపు మాట్లాడలేదు. "నేను మర్చిపోయానన్నమాట" అన్నారు. ఆయన మర్చిపోకుండా రాయబట్టే కదా తెలిసింది, అదే చెప్పాను. నమ్మారో లేదో. కాఫీ తాగి, ఆ పేజీ ఫోటో తీసుకుని వచ్చేశాను. ఆ ప్రయాణానికి రెండుసార్లు కలిపి నాకైన ఖర్చు ఆరు వేల చిల్లర. పదమూడు నెలల్లో ఇంత లాభసాటి ఖర్చు ఇంకోటి లేదు.

23వ స్వాత్ నుంచి తిరగేశాం. చచ్చిన పట్టీకి ప్రాణం వచ్చింది.

ఇక అక్టోబరు అంతా టైము తేడాలు. ఒకటో, రెండో సర్వేల మధ్య ఒకే రిఫ్లెక్షన్ 14 మిల్లీసెకన్లు ఎడంగా వస్తోంది. మా కుర్రాడు 14 జరిపేద్దామన్నాడు. జరిపితే అతుకు పోతుంది, నిజమే. ఆ 14 ఎక్కడిదో తెలియకుండా జరపనన్నాను. ఈ విషయంలో నేను మొండిదాన్నని ఆఫీసులో పేరు. స్టాటిక్స్ (నేల ఎత్తుపల్లాల వల్ల వచ్చే టైము తేడాల సవరణ) ఫైళ్ళు తెరిస్తే మొదటి సర్వేకి డేటం, అంటే టైము లెక్క మొదలయ్యే మట్టం, సముద్ర మట్టం, రెండోదానికి సముద్ర మట్టానికి 10 మీటర్ల పైన. సెకనుకి 1,800 మీటర్ల వేగంతో 10 మీటర్లు పైకీ కిందికీ అంటే 11 మిల్లీసెకన్లు. మిగిలిన 3 రికార్డింగ్ ఇన్‌స్ట్రుమెంట్ ఫిల్టర్ల తేడా. అప్పుడు ముందుగా 11 డేటం సవరణతో తీసేశాం, 3 మ్యాచింగ్ ఫిల్టర్‌కి వదిలాం. చివరి బొమ్మలో ఈ రెండు దారులకీ తేడా కనపడదు. కానీ మొత్తం 14నీ ఫిల్టర్‌తో జరిపి ఉంటే, మూడో సర్వేని కలిపేటప్పుడు ఆ పది మీటర్లు మళ్ళీ ఇంకెక్కడో తేలేవి.

మ్యాచింగ్ ఫిల్టర్ దగ్గర ఒక గొడవ జరిగింది, అది చెప్పాలి. రెండు సర్వేలు ఎక్కిన చోట ఒకదాన్ని రెండోదానిలా మార్చడానికి ఏం చేయాలో కంప్యూటరే లెక్కకట్టి ఒక ఫిల్టర్ ఇస్తుంది. మూడో సర్వేలో నీళ్ళలోని భాగానికి ఇది తప్పదు. హైడ్రోఫోన్ ఒత్తిడిని కొలుస్తుంది, జియోఫోన్ నేల కదిలే వేగాన్ని కొలుస్తుంది, ఎయిర్‌గన్ దెబ్బ వేరు, డైనమైట్ దెబ్బ వేరు. మా కుర్రాడు ఫిల్టర్ పొడవు 400 మిల్లీసెకన్లు పెట్టాడు. ఫలితం అద్భుతం. రెండు సర్వేలూ కవల పిల్లల్లా ఉన్నాయి. మేనేజర్ వెంటనే స్క్రీన్‌షాట్ క్లయింటుకి పంపమన్నారు.

నాకది మరీ బాగుందనిపించింది. ఎక్కిన ప్రాంతంలో ఒక పట్టీని పక్కన దాచి, మిగతా దానితో ఫిల్టర్ కట్టి, దాచిన పట్టీ మీద ప్రయోగించాను. అక్కడ బొమ్మ పాడైపోయింది. అంత పొడవు ఫిల్టర్ నేలతో పాటు నాయిస్‌ని కూడా బట్టీపట్టేసింది. 80 మిల్లీసెకన్లకి తగ్గిస్తే అతుకు దగ్గర కొంచెం తేడా మిగిలింది, దాచిన పట్టీలో మాత్రం బాగుంది. నేను చిన్నదే ఉంచుదామన్నాను. మేనేజర్‌కి స్క్రీన్‌షాట్ పోయిందని బాధ. రెండు రోజులు మా మధ్య మాటలు "ఓకే", "సరే సార్" వరకే.

ఈ గొడవ తీర్చింది రాజోలు. రాజోలు ట్రాప్ అని, మా నేల కింద లోతుగా గట్టి నల్లరాతి పొర ఉంది. డెక్కన్ లావాలు అంతదూరం వచ్చి గడ్డకట్టినవి. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో దాని అన్నదమ్ములు పైకే కనపడతాయి, కంకర కొడుతుంటారు. చుట్టూ మెత్తటి మట్టి, ఇసుక పొరలు, మధ్యలో ఈ రాయి. అల దానికి తగిలి గట్టిగా వెనక్కొస్తుంది, దాని కింద ఏముందో చూడటం ఎప్పుడూ కష్టమే. ప్రాసెసింగ్ వాళ్ళు దాన్ని తిట్టుకుంటారు. నాకు మాత్రం మూడు సర్వేల్లోనూ తప్పకుండా కనపడే ఒకే ఒక గుర్తు అది. బావిలో సోనిక్ లాగ్ (ఏ లోతులో రాతిలో అల ఎంత వేగంతో పోతుందో చెప్పే రికార్డు) తీసుకుని, ఆ పొర పైభాగం సీస్మిక్‌లో ఎలా కనపడాలో లెక్కకట్టి, పక్కన పెట్టాం. చిన్న ఫిల్టర్ పెట్టిన డేటా బావితో కలిసింది. పొడవు ఫిల్టర్ పెట్టిన డేటాలో రాతి పైభాగం కింద ఒక దొంగ పొర పుట్టుకొచ్చింది. మేనేజర్ కాసేపు చూసి, "రెండో స్క్రీన్‌షాట్ కూడా పంపు" అన్నారు. ఆయన క్షమాపణ అలాగే ఉంటుంది.

నవంబరులో గ్రిడ్. మూడు సర్వేల గళ్ళూ వేరువేరు కొలతలు, వేరువేరు కోణాలు. అన్నింటికీ 20 మీటర్ల గళ్ళతో ఒకే గ్రిడ్ వేసి, ట్రేస్‌లు లేని గళ్ళని పక్క ట్రేస్‌ల నుంచి ఫైవ్ డీ ఇంటర్‌పొలేషన్‌తో నింపాలి. మా మెషీన్ల మీద అవదని బయట మెషీన్లు అద్దెకి తీసుకున్నాం. పదకొండు రోజుల పని, 6 లక్షల 80 వేలు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున డిస్కు నిండి ఆగిపోయింది. మధ్యలో సేవ్ చేసుకునే ఆప్షన్ ఉంది, నేను పెట్టలేదు. ఐదు లక్షల పైనే నీళ్ళపాలు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినకుండా పడుకున్నాను. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఇదంతా చదివి ఉంటే ఫర్వాలేదు: చెక్‌పాయింట్ పెట్టండి, డిస్కు మీరనుకున్నదానికి రెండింతలు ఉంచుకోండి.

రెండోసారి డిసెంబరు 14న పూర్తయింది. అప్పుడు మా ఊరి సంగతి వచ్చింది.

ఊళ్ళున్నచోట బోర్లు వేయలేరు కాబట్టి షాట్లుండవు, మ్యాపు మీద ఊళ్ళన్నీ బొక్కలే. చిన్న బొక్కల్ని చుట్టుపక్కల డేటాతో నింపితే తప్పు లేదు. మా ఊరి దగ్గర మాత్రం మొదటి రెండు సర్వేల బొక్కలూ ఒకదాని మీద ఒకటి పడి, దాదాపు కిలోమీటరు వెడల్పు ఖాళీ మిగిలింది. సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా నింపేసింది. చూడటానికి ముచ్చటగా ఉంది, పొరలు నున్నగా సాగిపోతున్నాయి. లోతుల్లో అటూ ఇటూ నుంచి వచ్చే అలల వల్ల కొంత నిజముంది, పై పొరల్లో ఏమీ లేదు, అంతా ఊహే. దాన్ని ఖాళీగానే ఉంచాలని నేను, అతుకు కనపడకూడదన్నారు కదా అని మేనేజర్. చివరికి మధ్యేమార్గం: నింపిన డేటా ఇచ్చాం, దాంతో పాటు ఏ గడిలో అసలు ట్రేస్‌లు ఎన్ని, నింపినవి ఎన్ని అని చెప్పే ఇంకో వాల్యూమ్ (త్రీడీ డేటా దిమ్మ) కూడా ఇచ్చాం. క్లయింటు దాన్ని అడగలేదు. ఇంటర్‌ప్రెటర్ మాత్రం మొదట తెరిచింది దాన్నేనని తర్వాత చెప్పాడు.

సంక్రాంతికి ఊరెళ్ళలేదు. పాతికేళ్ళలో మొదటిసారి. వెలాసిటీలు (పొరల్లో అలల వేగాలు) మూడు వారాలు, మైగ్రేషన్ రెండు వారాలు, క్లయింటు వ్యాఖ్యలు, మళ్ళీ మైగ్రేషన్. వీటిలో చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు, ఏ ప్రాజెక్టులోనైనా ఉండేదే. ఫిబ్రవరి 27న ఇంటర్‌ప్రెటర్ వచ్చి మా గదిలో కూర్చుని ఆ ఫాల్టు తెరిచాడు. ఒక్కటే ఉంది. మొదటి సర్వే చూపించిన చోట కాదు, రెండోది చూపించినట్టే కానీ ఇంకొంచెం పొడుగ్గా. నాలుగైదు సార్లు అటూ ఇటూ లాగి చూశాడు. సముద్రం వైపు అంచులో సన్నగా ఒక గీత కనపడింది, మూడో సర్వే మొదలైనచోట ఫ్రీక్వెన్సీ మారుతుంది. "ఇదేనా అతుకు?" అన్నాడు. అవునన్నాను. "ఉండనివ్వండి, ఎక్కడుందో తెలిస్తే చాలు" అన్నాడు.

ఏప్రిల్‌లో ఊరెళ్ళాను. సాయంత్రం అరుగు మీద కూర్చుని, మ్యాపులో మన ఊరి మీద పెద్ద బొక్క పడిందని, రెండుసార్లూ మన తోట దగ్గర షాట్లు వేయలేదని నాన్నకి చెప్పాను. రెండోసారి వేయడానికి చోటున్నా ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదన్నాను.

నాన్న తువ్వాలుతో మెడ తుడుచుకుని, "వాళ్ళు వేస్తామనే వచ్చారమ్మా. నూతిలో నీళ్ళు ఉప్పగా అయిపోతాయేమోనని నేనే వద్దన్నాను" అన్నాడు.